రెండో ప్రపంచ యుద్ధం పాఠంలో ఆ ఆడవాళ్లకు చోటివ్వండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను హైస్కూల్లో సోషల్ చెప్పే టీచర్ని. పాఠ్యపుస్తకాలు ఈసారి సవరించేటప్పుడు, రెండో ప్రపంచ యుద్ధం పాఠంలో రెండు పేజీలు చేర్పించమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సులో రహస్యంగా పోరాడిన ఆడవాళ్ల గురించి ఆ రెండు పేజీలు.

నూర్ ఇనాయత్ ఖాన్‌తో మొదలుపెట్టవచ్చు. టిప్పు సుల్తాన్ వంశం. తండ్రి బరోడాలో పుట్టిన సూఫీ గురువు, సంగీత విద్వాంసుడు. ఆమె పారిస్ దగ్గర పెరిగింది, మన జాతక కథల్ని పిల్లల కోసం ఇంగ్లిషులో రాసింది. 1943 జూన్‌లో బ్రిటిష్ రహస్య సంస్థ ఆమెను రేడియో ఆపరేటర్‌గా ఫ్రాన్సుకు పంపింది. ఆ పనిలో అక్కడికి వెళ్లిన మొదటి మహిళ ఆమే.

ఆ పని ఎలాంటిదో పిల్లలకు వివరంగా చెప్పాలి సార్. రేడియో సెట్టును సూట్‌కేసులో పెట్టుకుని ఇళ్లు మారుతూ ఉండాలి. ఏరియల్ తీగ ఎవరి కంటా పడకుండా కట్టాలి. సందేశం పంపుతున్నంతసేపూ, సిగ్నల్ ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టే జర్మన్ వ్యాన్లు వీధుల్లో తిరుగుతుంటాయి. నూర్ వెళ్లిన కొద్ది రోజులకే ఆమె దళంలో వాళ్లు వరసగా అరెస్టయ్యారు. వెనక్కి వచ్చెయ్యమంది లండన్. ఆమె రానంది. పారిస్ నుంచి లండన్‌కు సమాచారం అందించే మనిషి దాదాపుగా తనొక్కతే మిగిలిందని ఆమెకు తెలుసు.

అక్టోబరులో పట్టుబడింది. తప్పించుకోబోయి మళ్లీ దొరికింది. జర్మనీ జైల్లో నెలల తరబడి సంకెళ్లలో ఉంచారు. 1944 సెప్టెంబర్ 13న దాఖౌ నిర్బంధ శిబిరంలో మరో ముగ్గురు మహిళా ఏజెంట్లతో పాటు కాల్చి చంపారు. అప్పటికి ఆమె వయసు 30 ఏళ్లు.

ఇంకో సంగతి కూడా దాచకూడదు. ఆమె రాసిపెట్టుకున్న సందేశాల పుస్తకాలు జర్మన్లకు చిక్కాయి. వాటితో ఆమె పంపుతున్నట్టే లండన్‌కు దొంగ సందేశాలు పంపి, కొత్తగా దిగిన ఏజెంట్లను పట్టుకున్నారు. అది కూడా తెలిస్తేనే ఆమె పిల్లలకు మనిషిగా అర్థమవుతుంది.

ఓల్గా బాన్చిక్ గురించీ చెప్పాలి. రొమేనియా నుంచి వచ్చిన యూదు స్త్రీ, పసిబిడ్డ తల్లి. పారిస్‌లో జర్మన్ల మీద సాయుధ దాడులు చేసే మనూషియాన్ దళానికి ఆయుధాలు చేరవేసేది. దాడి అయ్యాక వాటిని మళ్లీ తీసుకెళ్లేది కూడా ఆమే. 1944 ఫిబ్రవరిలో దళంలోని 22 మంది మగవాళ్లను కాల్చి చంపారు. ఓల్గాను జర్మనీలోని స్టుట్‌గార్ట్ తీసుకెళ్లి, మే 10న, సరిగ్గా ఆమె పుట్టినరోజునే, తల నరికారు. ఆ దళాన్ని నేరస్తుల ముఠాగా చూపిస్తూ జర్మన్లు వేసిన ఎర్ర పోస్టర్‌లో పది ముఖాలున్నాయి. అందులో ఆమె లేదు.

శత్రువు పోస్టర్ సంగతి సరే, సొంతవాళ్లు చేసిందేమిటి? ఫ్రాన్సు విముక్తి పోరాటాన్ని నడిపిన నాయకుడు డీగాల్, ఆ పోరాట యోధుల కోసం నెలకొల్పిన అత్యున్నత గౌరవం 1038 మంది వ్యక్తులకు దక్కితే, వారిలో స్త్రీలు ఆరుగురే. తుపాకీ పేల్చినవాణ్ణి లెక్కలోకి తీసుకున్నారు, ఆ తుపాకీని సంచిలో పెట్టుకుని జర్మన్ సైనికుల ముందు నుంచే నడిచి వచ్చిన మనిషిని వదిలేశారు. నాకిది చాలా అన్యాయంగా తోస్తుంది.

మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టుకున్న రాష్ట్రం మనది. సాయుధ పోరాటంలో దళాలకు అన్నం, కబుర్లు మోసిన ఆడవాళ్ల కథలు మన పిల్లలు ఇళ్లలో వింటారు. ఓల్గా చేసిన పని ఎంత పెద్దదో వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది.

ఒక్క మనవి. దీన్ని పాఠం చివర చిన్న అక్షరాల బాక్సులో వేయించకండి. పరీక్షలో రాదని తెలిస్తే పిల్లలు బాక్సులు చదవరు, సిలబస్ టెన్షన్‌లో ఉన్న మేమూ దాటేస్తాం. అసలు పాఠంలోనే పెట్టించండి. మోడల్ పేపర్లో దీని మీద ఒక ప్రశ్న కూడా ఇప్పించండి.

ఇట్లు,
ఒక సోషల్ టీచర్