చెరువును చెరువుగానే చూపించండి

సంపాదకుడు గారికి నమస్కారం.

సంక్రాంతికి నెల్లూరు నుంచి మా తమ్ముడి కుటుంబం వచ్చింది. కనుమ మర్నాడు అందరం కలిసి కంభం చెరువు కట్ట మీదికి వెళ్లాం. తొమ్మిదో తరగతి చదివే తమ్ముడి కూతురు కాసేపు అటూ ఇటూ చూసి, "పెదనాన్నా, ఇంత పెద్ద చెరువుకి కట్ట ఇంతేనా?" అని అడిగింది. మంచి ప్రశ్న. ఈ చెరువు గొప్పతనమంతా ఆ "ఇంతేనా"లోనే ఉంది.

నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం వైపు పుట్టిన గుండ్లకమ్మ, జంపలేరు కలిసి వచ్చి ఇక్కడ రెండు కొండల మధ్య సందులోంచి బయటపడేవి. సరిగ్గా ఆ సందుకే అడ్డం కట్టారు. మిగతా కట్టంతా కొండలే. 57 అడుగుల ఎత్తున్న ఈ ఒక్క కట్ట 430 చదరపు మైళ్ల నేల మీద పడిన వానను నిలబెడుతుంది. దాని కింద పదివేల ఎకరాల పైచిలుకు ఆయకట్టు. ఐదు వందల ఏళ్ల కిందట మిషన్లు లేవు, సిమెంటు లేదు. చోటు ఎంచుకోవడంలోనే సగం పని అయిపోయింది. కట్టించింది గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ అని మా పెద్దలు తరతరాలుగా చెబుతూ వచ్చారు.

పక్కనే కడప జిల్లా పోరుమామిళ్లలో మరో పెద్ద చెరువుంది. దాన్ని తవ్వించినప్పుడు 1369లో వేయించిన సంస్కృత శాసనంలో మంచి చెరువుకు ఉండాల్సిన 12 లక్షణాలు, ఉండకూడని 6 దోషాలు రాసి పెట్టారు. కట్టకు రెండు పక్కలా కొండ ఆనుకుని ఉండాలట. కట్ట గట్టిగా ఉండాలి గానీ మరీ పొడవు ఉండకూడదట. తియ్యని నీళ్ల నది వచ్చి కలవాలట. అది చదువుతుంటే మా కంభం చెరువునే ఎదురుగా పెట్టుకుని రాశారా అనిపిస్తుంది. ఈ రెండు చెరువులతోపాటు కేసీ (కర్నూలు–కడప) కాలువను కూడా 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాలుగా గుర్తించింది. ఆ వార్త చదివిన రోజు మా వీధిలో అందరికీ పేపరు చూపించాను.

మరి ఆ గుర్తింపు తర్వాత కట్ట మీద ఏం మారింది? మేం వెళ్లిన రోజు ఈ సంగతులు చెప్పే బోర్డు ఒక్కటీ మా కంట పడలేదు. రాతి పరుపు సందుల్లో మాత్రం రావి మొక్కలు కనిపించాయి. ఒకదాన్ని పట్టుకుని లాగి చూశాను, ఊడి రాలేదు. వేరు బొటనవేలంత లావైంది, రాయి ఒక పక్కకు లేచింది. శాసనం చెప్పిన ఆరు దోషాల్లో కట్టలోంచి నీరు ఊరడం ఒకటి. అలాంటిది ఇలాంటి చిన్న వేరుతోనే మొదలవుతుంది. ఆ పక్కనే నీటి అంచున ప్లాస్టిక్ గ్లాసులు, బిర్యానీ పొట్లాలు.

కంభం పేరెత్తగానే బోట్లు, పార్కు, సెల్ఫీ పాయింట్ అంటారు. వద్దనను. సాయంత్రం కొండల నీడ నీళ్ల మీద పడే వేళ, కొంగలు బారులు తీరి గూళ్లకు వెళ్తుంటే చూడ్డానికి ఎవరికి ఆశ ఉండదు? పిల్లలు రావాలి, నాలుగు అంగళ్లు బతకాలి. కానీ ఇది అందం కోసం కట్టిన సరస్సు కాదు, ఈ కరువు నేలలో వరికీ పసుపుకూ నీళ్లిచ్చే చెరువు. వాగులు పూడిపోయి, అడుగున ఒండ్రు పేరుకుపోయాక బోట్లు దేని మీద తిప్పుతారు? అందుకే ఖర్చు చేసే మొదటి రూపాయి వాగులకూ, తూములకూ, కట్టకూ వెళ్లాలి.

మేం 1970 దాకా కర్నూలు జిల్లావాళ్లం. ఆ ఏడాది ఒంగోలు జిల్లాలో కలిశాం, 1972లో దానికే ప్రకాశం పేరు పెట్టారు. ప్రకాశం అంటే సముద్రపు ఒడ్డే గుర్తొచ్చేవాళ్లకు ఈ కొండల వైపు చరిత్ర పెద్దగా తెలియదు. మా పొరుగున బేస్తవారిపేట మండలంలో మోక్షగుండం అనే ఊరుంది. ఆనకట్టల ఇంజనీరు విశ్వేశ్వరయ్య గారి ఇంటిపేరు ఆ ఊరిదే, వారి పూర్వీకులు అక్కడివారు. ఈ సంగతి చెబితే తమ్ముడి కూతురు ఫోన్ పక్కన పెట్టి విన్నది.

కాబట్టి సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరేది ఇది. చెరువు ఎలా పనిచేస్తుందో, నీళ్లు ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోతాయో పటం గీసి, తెలుగులో ఒక పెద్ద బోర్డు పెట్టండి. గుంటూరు–నంద్యాల రైలు దిగినవాళ్లు ఆటోవాళ్లను బతిమాలుకోకుండా ఆదివారాలైనా స్టేషన్ నుంచి కట్టదాకా బస్సు నడపండి. కట్ట మీద మొక్కలు వానాకాలం లోపే తీయించండి. ఆ పనికి ఆయకట్టు రైతులం మేమూ పారలు పట్టుకుని వస్తాం. ఏ రోజో ముందుగా చెప్పండి చాలు.

ఇట్లు,
ఒక ఆయకట్టు రైతు,
కంభం.