వార్షిక నివేదిక: ఈ ఏడాది అడ్డాకుదే

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, ఆగస్టు 29న గిడుగు వారి జయంతి ఎప్పటిలాగే పర్లాకిమిడిలోనే జరుపుకున్నాం. జమాఖర్చుల కాగితం జతచేశాం, చూసుకోండి. ఈసారి చెప్పుకోవాల్సింది అడ్డాకు సంగతి, అదే, విస్తళ్ళు కుట్టే అడవి తీగ ఆకు.

కార్తీక వనభోజనాలకు విస్తళ్ళు తెచ్చే పని నా మీద పడింది. షాపులో అడ్డాకువే అన్నారు, తెచ్చేశాను. వేడి సాంబారు పడేసరికి అడుగున అతికించిన ప్లాస్టిక్ పొర ముడుచుకుపోయింది. "కొండ కింద ఊళ్ళో ఉండి ఇదేం ఖర్మ బాబూ!" అన్నారు ఒక పెద్దావిడ. తిరగేసి చూడకపోవడం నా తప్పే.

ఆ సిగ్గుతోనే శివరాత్రి ముందు కొందరం మహేంద్రగిరి వైపు అడవికి వెళ్ళాం. పుట్టిన దగ్గర్నుంచి ఆ ఆకులో తింటున్నాం గానీ మాలో సగం మంది తీగను చూసింది లేదు. మల్లెతీగలా ఉంటుందనుకున్నాం. తీరా చూస్తే తొడంత లావు కాండం, చెట్టు మీదికెక్కి పక్క చెట్టుకు పాకేసింది. లేత కొమ్మల మీద తుప్పు రంగు నూగు, వేలితో రాస్తే మఖమల్‌లా ఉంది. కొసల్లో నులితీగలు జతలుగా, వాచీ స్ప్రింగుల్లా చుట్టుకుని ఉన్నాయి. ఆకు ఆవు గిట్టలా రెండుగా చీలి, జానెడుకు మించి ఉంది. ఒడియావాళ్ళు సియాళి అనేది దీన్నే. హిమాలయాల పాదాల నుంచి మన తూర్పు కనుమల దాకా ఉంటుంది, గుగ్గిలం (సాల) చెట్ల అడవుల్లో మరీ ఎక్కువ. చెట్టును కప్పేసి ఎండ తగలనివ్వదని కలప పెంచేవాళ్ళు నరికించేస్తుంటారు. వాళ్ళ బాధ వాళ్ళది. ఆకు, నార, వేయించుకు తినే గింజ ఇచ్చే తీగను మొదలంటా కొట్టడం నాకైతే నచ్చలేదు.

దారి చూపించిన సవర తెగ అక్క లేతాకు కోయనివ్వలేదు, కుడితే చిరుగుతుందట. ముదురాకులు నాలుగు పేర్చి, వెదురు పుల్లలతో మేం మాట్లాడుతుండగానే విస్తరి కుట్టేసింది. నేను కుట్టినదాంట్లో పప్పు నిలవదు.

వచ్చే కార్తీకానికి చేతి కుట్టు విస్తళ్ళే, సంతలో సవరల దగ్గరే కొనాలని తీర్మానించాం. అడ్వాన్సు దసరాకే ఇవ్వాలి. ఆటో ఉన్నవారు పేరు చెప్పండి.

అడవి నుంచి తెచ్చిన ఆ తీగ ఎండుకాయ ఒకటి బీరువా మీద పెట్టాం. ఏప్రిల్ మీటింగులో కోశాధికారి గారు లెక్కలు చదువుతుండగా టప్‌మని పేలింది. రెండు గింజలు కిటికీ దగ్గర దొరికాయి. మిగతావి బీరువా జరిపితే గానీ తేలవు.

— కార్యదర్శి