పెద్ద పండుగప్పలన్నీ దాదాపు ఆడవే

సంపాదకుల వారికి,

ఆదివారం తిరుపతి చేపల మార్కెట్లో పెద్ద పండుగప్ప కనబడితే చాలు, “జన (చేప గుడ్లు) ఉందేమో చూసి కొయ్యి” అని మూగుతారు. కత్తి పడగానే పొట్టలో పక్కపక్కనే రెండు పసుపుపచ్చ తిత్తులు! జన వేపుడు రుచి నాకూ తెలుసు, కాదనను.

కానీ ఈ చేప తీరే వేరు. ముందు మగదిగా ఎదిగి, కొన్నేళ్లకు ఆడదిగా మారుతుంది. అందుకే బాగా పెద్దవి దాదాపు అన్నీ తల్లులే. ఒక్కోటి లక్షల్లో గుడ్లు వదులుతుంది. మంచినీళ్లలో బతుకుతుంది గానీ, గుడ్లు పెట్టడానికి ఉప్పునీటికి పోవాల్సిందే. పిల్లలు మళ్లీ పులికాట్ లాంటి సరస్సుల్లోకి వచ్చి పెరుగుతాయి.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం ఉంది, మంచిదే. పండుగప్ప ఆ తర్వాత వానల్లోనూ గుడ్లు పెడుతుందే! పైగా పులికాట్ సముద్రంలో కలిసే ముఖద్వారాలు ఇసుకతో పూడితే అటూ ఇటూ దారే ఉండదు.

చెరువుల్లో పెంచిన చిన్న చేపలతో పేచీ లేదు. మత్స్యశాఖ ముందు రాయదొరువు దగ్గరి పులికాట్ ముఖద్వారంలో పూడిక తీయించాలి. వానాకాలంలో పెద్ద పండుగప్పల అమ్మకంపైనా ఒక నిర్ణయం తీసుకోవాలి.

– ఒక పాఠకుడు, తిరుపతి