గాజు నెగటివ్‌కి తడిగుడ్డ పెట్టకండి

సంపాదకులకు,

ఆగస్టు 19, ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం వస్తే అందరూ 1839 నాటి ఫ్రెంచి ఫొటో ఆవిష్కర్త డాగురేనే తలుచుకుంటారు. ఆయన వెండిపూత రాగిరేకు మీద పడేది ఒకే బొమ్మ. నెగటివ్ (వెలుగునీడలు తారుమారైన బొమ్మ) నుంచి ఎన్ని ప్రింట్లయినా తీసే దారి ఇంగ్లండుకు చెందిన టాల్బట్‌ది. 1851లో ఆంగ్లేయుడు ఆర్చర్ గాజుపలకపై కలోడియన్ అనే జిగట ద్రావకం పోసి, వెండి లవణమైన సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఉండగానే ఫొటో తీసి కడిగేయమన్నాడు. ఆరితే పలకకు వెలుతురు పట్టే గుణం పోతుంది మరి!

తర్వాతివి జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జిగురు) పూసిన పొడి పలకలు. విశాఖ తేమకు ఆ జెలటిన్ ఉబ్బి, జిగటెక్కి, బూజు పడుతుంది. అటకమీద అలాంటివి దొరికితే తడిగుడ్డ పెట్టకండి, బొమ్మ గుడ్డకే ఊడొస్తుంది. బొమ్మ ఉండే మెరుపులేని వైపు ముట్టుకోకుండా అంచులు పట్టుకుని, ఒక్కోదాన్నీ ఆమ్లం లేని కాగితంలో చుట్టి నిలువుగా పెట్టండి. దొంతర పేరిస్తే బరువుకి అడుగువి పగులుతాయి.

– ఫొటోగ్రఫీ అభిమానులు, విశాఖపట్నం