విశాఖ తీరంలోని మంగమారిపేట రాళ్ల దగ్గరికి టూరిస్టులను తీసుకెళ్లే మనవాళ్లందరికీ

అన్నలూ, తమ్ముళ్లూ, చెల్లెమ్మలూ, నమస్కారం.

మొన్న ఆదివారం ఒక చిన్నబాబు వాటర్ బాటిల్లో శంఖం వేసుకుని వస్తుంటే ఆపి చూశాను. లోపల సన్యాసి పీత (ఖాళీ శంఖాన్నే ఇల్లుగా చేసుకునే పీత), కాళ్లు బయటపెట్టి ప్లాస్టిక్‌ను గీరుతోంది. దాన్ని ఏ నీటి గుంటలోంచి తీశాడో అందులోనే బాబు చేత వదిలించాను. అది నడుచుకుంటూ రాయి కిందకి వెళ్లిపోతుంటే వాడి ముఖం వెలిగిపోయింది. మనం చూపించాల్సింది అదే కదా! ఖాళీ శంఖాలు కూడా ఏరనివ్వకండి. పీత పెరిగిన కొద్దీ ఇంకో పెద్ద ఇల్లు వెతుక్కోవాలి.

రాళ్ల మీద ఆకుపచ్చగా, మెత్తగా, తివాచీలా కనిపించేది నాచు ఒక్కటే కాదు. చాలాచోట్ల అవి జోయాంథిడ్లు, అంటే పగడాలకు చుట్టాలైన చిన్న సముద్ర జంతువులు. ముందు మీరు ఉత్త రాయి మీద అడుగు వేయండి, వెనకవాళ్లు అక్కడే వేస్తారు. రాయి తిప్పి చూపించడం మానేద్దాం. పొరపాటున తిప్పితే ఎలా ఉన్నది అలాగే పెట్టేయండి.

అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటుకు నీళ్లు బాగా వెనక్కి పోతాయి, గుంటలు చక్కగా కనిపిస్తాయి. పోటు మొదలవకముందే అందరినీ ఒడ్డుకు చేర్చండి. ఒక గైడుకు ఎనిమిది మంది దాటితే నేనైతే వద్దంటాను, డబ్బులు తగ్గినా సరే.

జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రి తీరంలో టార్చ్, ఫ్లాష్ వద్దు. గూడు కనిపిస్తే ముట్టుకోకుండా అటవీశాఖ వాళ్లకు వెంటనే ఫోన్ చేయండి.