పొలంలో కలిసిన పెద్దాయనకు

ఆదివారం ఉదయం దున్నిన పొలంలో మెటల్ డిటెక్టర్‌తో తంటాలు పడుతున్న నన్ను చూసి ఆగిన పెద్దాయనా, మీ పేరు అడగడమే మరిచిపోయాను. మీకు నా కృతజ్ఞతలు.

అప్పటికి రెండు గంటలుగా నాకు దొరికినవి తుప్పు మేకులు, సీసా మూతలు. యంత్రం ఊరికే కూస్తోంది. మీరు యంత్రం చివరనున్న గుండ్రటి కాయిల్‌ను నేల మీద పైకీ కిందికీ ఆడిస్తూ, దాన్ని మట్టికి తగ్గట్టు సర్దే గ్రౌండ్ బ్యాలెన్స్ సరిచేశారు. అంతసేపూ మట్టిలోని ఖనిజాలకే అది అరుస్తోందని అప్పుడు గాని తెలియలేదు. సెన్సిటివిటీ, అంటే యంత్రం పసిగట్టే తీవ్రత, కూడా తగ్గించమన్నారు. తగ్గిస్తే లోతున ఉన్నవాటిని పట్టే శక్తి పోతుందని భయపడ్డాను. పోయింది నా తలనొప్పి.

పావుగంటకు, ఎటు నుంచి ఊపినా మారని సన్నని స్వరం. బెత్తెడు లోతున, ఆకుపచ్చ చిలుము పట్టిన రాగి నాణెం! చొక్కా అంచుతో రుద్దబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. అంటుకున్న ఇసుక రేణువులే గరుకు కాగితంలా అక్షరాలను గీకేస్తాయన్నారు. ఇంటికొచ్చి డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టాను. మూడో రోజుకు అంచున నాలుగు అక్షరాలు తేలాయి.

ఆ సంబరంలో గుంట పూడ్చకుండానే ముందుకు కదిలాను. మీరు ఏమీ అనకుండా కాలితో మట్టి నెట్టి చదును చేశారు. సిగ్గేసింది. మిగతా గుంటలన్నీ వెనక్కి వెళ్లి పూడ్చాను. నాణెం పొలం యజమానికి చూపించాను, తవ్వుకోమని అనుమతి ఇచ్చింది ఆయనే కదా. మీకూ చూపించాలని ఉంది.