ఫోన్‌లోంచి వీడియో తీసేసిన వాళ్ళందరికీ, మా కొట్టు తరఫున

అందరికీ నమస్కారం. ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడిలో మా కిరాణా కొట్టు ఎరిగినవాళ్ళకి నేనెవరో చెప్పక్కర్లేదు. ఎరగనివాళ్ళకి, కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని గల్లాపెట్టె చుట్టూ కళ్ళజోడు కోసం వెతికే ఆవిడే నేను. చెప్పుకోవాల్సిన థాంక్స్ ఒకటి నెల రోజులుగా బాకీ ఉండిపోయింది. విడివిడిగా చెబుదామంటే అందరి పేర్లూ నాకు తెలియవు. ఎవరు ఏం చేశారో కొంత ఈ మధ్యనే తెలిసింది. అందుకని అందరికీ కలిపి రాస్తున్నాను. గిడుగు రామమూర్తిగారు పంతులుగా పని చేసిన ఊరు మాది. మాట్లాడే భాషలోనే రాయాలని పోరాడింది ఆయనే కాబట్టి నా రాతకి ఆయనదే పూచీ.

ఇది ఒక దొంగతనం గురించి. చేసినావిడ ఎవరో రాయను. నేను వాట్సాప్‌లో పెట్టిన మా కొట్టు కెమెరా వీడియో చూసినవాళ్ళకి తెలుసు, చూడనివాళ్ళకి తెలియక్కర్లేదు. పోయిన వస్తువు నెయ్యి అని రాస్తున్నాను, అది నెయ్యి కాకపోవచ్చు కూడా. ఇదంతా కాగితం మీద రాసి ముందు ఆవిడకే చదివి వినిపించాను. రెండు చోట్ల తీసెయ్యమంది, తీసేశాను. ఒక చోట నేనే తీసేస్తానంటే, "వద్దు, ఉండనీ" అంది.

మార్గశిరంలో మా ఊరి సంగతి బయటివాళ్ళకి కొంచెం చెప్పాలి. ఒడియావాళ్ళకి కార్తీక పౌర్ణమి మర్నాడే మార్గశిరం మొదలైపోతుంది. మనకి అమావాస్య దాటాలి. గురువారాన్ని మేం లక్ష్మివారం అంటాం, వాళ్ళు మాణబసా గురుబార అని వడ్లు కొలిచే మాణం పెట్టి లక్ష్మిని పూజిస్తారు. గుమ్మంలో బియ్యప్పిండితో ఝోటి అనే ముగ్గు వేసి అమ్మవారి పాదాలు దిద్దుతారు. వాళ్ళ వారాలు అవుతుండగానే మనవి మొదలు కాబట్టి మా కొట్లో ఈ సందడి సుమారు ఆరు వారాలు సాగుతుంది. నెయ్యి, బెల్లం, బియ్యప్పిండి, కొబ్బరికాయలు, పలాస జీడిపప్పు. బుధవారం సాయంత్రం కొట్లో కాలు పెట్టడానికి చోటుండదు.

ఆ రద్దీలోనే మూడు వారాల్లో మూడు అర లీటరు నెయ్యి ప్యాకెట్లు తగ్గాయి. మూడు ప్యాకెట్లకే ఇంత గోలా అనకండి. ఒక్కోటి 300 పైమాట, దాని మీద మాకు మిగిలేది ఇరవై. ఒకటి పోతే ఆ నష్టం పూడటానికి పదిహేను అమ్మాలి. మూడు పోతే నలభై అయిదు. నెలంతా అమ్మిన నెయ్యి లాభం అక్కడికే సరి.

ఇక్కడ నా మొదటి తప్పు. నాకు ముందు అనుమానం వచ్చింది మా కొట్లో పని చేసే కుర్రాడి మీద. కొండ మీద ఊరి నుంచి వచ్చిన సవర పిల్లాడు. నాలుగేళ్ళుగా మా ఇంట్లో మనిషిలా తిరుగుతున్నాడు. సూటిగా అనలేదు. "లెక్క సరిపోవటం లేదురా" అని వాడి మొహం వైపు చూశాను, అంతే. వాడికి అర్థమైంది. రెండు రోజులు మా ఇంట్లో మధ్యాహ్నం అన్నం తినలేదు. ఆకలి లేదన్నాడు. పదిహేడు దాటిన పిల్లాడికి ఆకలి లేకపోవడమేమిటి? ఈ థాంక్స్‌లో మొదటి వరస వాడిది. ఇది వాడికి తెలుగులో చదివి చెప్పాను, సిగ్గుపడి గోదాంలోకి పోయాడు.

మూడో బుధవారం రాత్రి కొట్టు కట్టేశాక కెమెరా రికార్డింగు వెనక్కి తిప్పి చూశాను. మా అబ్బాయి విశాఖపట్నం నుంచి తెచ్చి బిగించిన కెమెరా అది. అప్పటిదాకా దానికి రోజూ అగరబత్తి పొగ పట్టించడం తప్ప వేరే పనేం అప్పగించలేదు. నలభై సెకన్లు. ఆవిడ ప్యాకెట్ తీసింది, అటూ ఇటూ చూసింది, కొంగు సర్దుకుంది. తరవాత నా దగ్గరికి వచ్చి పంచదారకీ అగరబత్తికీ నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది. నేను చిల్లర ఇస్తూ నవ్వాను కూడా. నన్ను మండించింది ఆ నవ్వే. ఆవిడ ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఖాతా అడిగిన మనిషి కాదు. అప్పు పెట్టే వాళ్ళని చూసి "నాకు అలవాటు లేదమ్మా" అనేది. ఆవిడని నేను నలుగురికీ ఆదర్శంగా చెప్పేదాన్ని.

రాత్రి 8 గంటల 10 నిమిషాలకి ఆ వీడియో మా బజారు వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. కింద "మన ఊరి దొంగ, చూసి జాగ్రత్త పడండి" అని రాసి మూడు కోపం బొమ్మలు కూడా తగిలించాను. గ్రూపులో 214 మంది. మా ఆయన చూసి ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే బాగా కోపం వచ్చిందని లెక్క, కానీ ఎవరి మీదో ఆ రాత్రి నాకు అర్థం కాలేదు.

తొమ్మిదికి తలుపు కొట్టారు. ఒడియా మాస్టారు. రిటైరై చాలా ఏళ్ళయింది, చీకట్లో టార్చిలైటు లేకుండా నడవలేరు. తెలుగులోనే మాట్లాడారు. మంచితనం గురించి ఉపన్యాసం చెబుతారేమో, దానికి ఏం జవాబు చెప్పాలో అప్పటికే మనసులో సిద్ధం చేసుకున్నాను. ఆయన చెప్పలేదు. "ఆవిడ ఇంటివాళ్ళు ఒకరు ఈ గ్రూపులో ఉన్నారు, చూసుకున్నావా అమ్మా?" అని మాత్రం అడిగారు.

చూసుకోలేదు. వాట్సాప్‌లో మెసేజ్ మీద వేలు నొక్కి పట్టి 'ఇన్ఫో' నొక్కితే ఎవరు చదివారో, ఎవరికి చేరిందో పేర్లు వస్తాయి. చదివినవాళ్ళు 63 మంది. కళ్ళజోడు దొరకలేదు. మాస్టారే టార్చి పక్కన పెట్టి ఒక్కో పేరూ చదివారు. 63 పేర్లలో ఆ పేరు లేదు. చేరినవాళ్ళ జాబితాలో ఉంది. అంటే ఫోన్‌లో ఉంది, ఇంకా తెరవలేదు. నా చెయ్యి వణికి 'అందరికీ డిలీట్' నొక్కబోయి 'నాకు మాత్రమే' నొక్కేదాన్ని, మాస్టారు చెయ్యి పట్టుకుని ఆపారు. డిలీట్ అయింది. ఆయన మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. మాస్టారూ, మీరు ఆ రాత్రి ఇంకో మాట ఎక్కువ చెప్పి ఉంటే నేను మొండికేసేదాన్ని.

ఆయన వెళ్ళాక మా అత్తగారు మంచం మీద నుంచే అడిగారు. "ఏటే, తిత్లీ గాలప్పుడు కొవ్వొత్తులు ఎంతకమ్మీసేవో గుర్తుందేటి?"

నేను తీసేస్తానంటే వీడియోలో ఉన్నావిడ ఉండనిమ్మన్న చోటు ఇదే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా మీద నుంచి పోయింది. కరెంటు లేదు, రోడ్ల నిండా చెట్లు, సరుకు వచ్చే దారి లేదు. నా దగ్గర రెండు పెట్టెల కొవ్వొత్తులున్నాయి. ప్యాకెట్ మీద 10 అని ఉంటే 25కి అమ్మాను. మొదటి రోజు 15, రెండో రోజు 25. కొన్నవాళ్ళందరికీ ఆ ధర తెలుసు, చీకట్లో కూడా అంకె కనపడుతుంది కదా. ఒక్కరూ గొడవ పెట్టలేదు. తరవాత కూడా ఎవరూ ఎత్తలేదు, మా కొట్టు మానెయ్యలేదు. మర్చిపోయారనుకున్నాను. మా అత్తగారు మర్చిపోలేదంటే ఊరు మాత్రం ఎలా మర్చిపోతుంది? ఆ 25 రూపాయలు ఇచ్చినవాళ్ళందరికీ ఇన్నేళ్ళకి ఇప్పుడు థాంక్స్.

అయినా నాకు కోపం పూర్తిగా పోలేదు. పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. పొద్దున్నే తెలిసిన పోలీసాయన దగ్గరికి వెళ్ళాను, వీడియో లేకపోయినా ఫిర్యాదు అయినా ఇద్దామని. ఆయన టీ తెప్పించి చట్టం చెప్పారు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. వస్తువు విలువ 5000 లోపు ఉండి, నేరం రుజువవడం మొదటిసారై, వస్తువో డబ్బో తిరిగి ఇచ్చేస్తే శిక్ష సమాజసేవ. "దానికోసం ఆవిడ కోర్టు చుట్టూ తిరగాలి, సాక్ష్యానికి నువ్వూ తిరగాలి. రాయమంటే ఇప్పుడే రాస్తాను" అన్నారు. కాసేపు ఆగి, "మొహం కనపడేలా దొంగ అని ఊరంతా పంచావట కదా. పరువు నష్టం కూడా నేరమే అమ్మా, ఆవిడ కోర్టుకి వెళ్ళి ఫిర్యాదు చెయ్యొచ్చు" అన్నారు. టీ తాగి వచ్చేశాను. సార్, ఆ టీ డబ్బులు మీరు తీసుకోలేదు. మార్గశిరంలో మా ఇంటి పాయసం మీకు బాకీ.

ఇప్పుడు అసలు పెద్ద పని చేసిన మనిషి. మా గ్రూపు అడ్మిన్, మొబైల్ రీచార్జి కొట్టు అబ్బాయి. నేను డిలీట్ చేస్తే అయిపోయిందనుకున్నాను. ఆ అబ్బాయి నవ్వాడు. "పిన్నీ, గ్రూపులోంచి పోయింది, కొందరి గ్యాలరీలోంచి పోయి ఉండదు" అన్నాడు. చదివిన 63 మంది పేర్లూ మాస్టారు ఆ రాత్రే కాగితం మీద రాసి ఉంచారట. ఆ కాగితం పట్టుకుని వాడు రెండు రోజులు తిరిగాడు. గ్రూపులో ఒక్క మెసేజ్ కూడా పెట్టలేదు, పెడితే చూడనివాళ్ళు కూడా ఏమిటా అని వెతుకుతారని. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళడం, ఫోన్ అడగడం, తీయించడం. ఎవరికైనా పంపారా అని అడగడం. ఏడుగురు పంపారు. రాష్ట్రాలు విడిపోయిన 1936లో పర్లాకిమిడి ఇటు ఒడిశాలోకి, పాతపట్నం అటు ఆంధ్ర వైపుకి అయ్యాయి గానీ వాట్సాప్‌కి ఆ గీత పట్టదు. వాటిలో రెండు పాతపట్నం వెళ్ళాయి, ఒకటి బరంపురం, ఒకటి ఏకంగా సూరత్. గంజాం వైపు కుర్రాళ్ళు అక్కడ మగ్గాల పనికి వెళ్తారు కదా. ఆ సూరత్ అబ్బాయి ఎవరో నేను చూడలేదు. రాత్రి షిఫ్టు మధ్యలో మగ్గాల చప్పుడు వినపడుతుండగా వాయిస్ మెసేజ్ పెట్టాడు: "మావుసీ, డిలీట్ కరిదేలి." పిన్నీ, డిలీట్ చేసేశాను అని. నేను ఆ మెసేజ్ ఇంకా ఉంచుకున్నాను.

ఫోన్ చూపించిన 63 మందికీ, కోపం తెచ్చుకోకుండా చూపించినందుకు థాంక్స్. ఆటో స్టాండు వాళ్ళకి ప్రత్యేకంగా. వీడియో పెట్టిన తరవాతి నాలుగు రోజులూ ఆవిడ గుమ్మం ముందు నుంచే సవారీలు వెళ్ళాయి, ఒక్కరూ ఒక్క మాట తూలలేదని ఆవిడే చెప్పింది. మా ఊళ్ళో ఇది చిన్న విషయం కాదు. ఎవరింట్లో కూర మాడినా సాయంత్రానికి కూడలిలో తెలిసిపోయే ఊరు.

ఆ నాలుగు రోజులు నాకు నిద్ర లేదు. ఆవిడ తలుపు తియ్యడం లేదని తెలిసింది. టెన్షన్. వెళ్ళి పలకరిద్దామంటే ఏ మొహంతో? తప్పు చేసింది ఆవిడ, మొహం చెల్లనిది నాకు. చివరికి మాస్టారి భార్య వెళ్ళారు. దొంగతనం ఊసే ఎత్తలేదట. "నడుం పట్టేసింది, గురువారానికి మా గుమ్మంలో ఝోటి వేసి పెట్టాలి, రా" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారట. మాస్టారి భార్య నడుం సంగతి నాకు తెలుసు. మా కొట్లో పాతిక కిలోల బియ్యం బస్తా తనే ఎత్తి ఆటోలో పెట్టుకుంటారు.

ఆ లక్ష్మివారం పది గంటలకి ఆవిడ మా కొట్టుకి వచ్చింది. వేళ్ళకి బియ్యప్పిండి ఆరిపోయి తెల్లగా ఉంది. కొట్లో నలుగురైదుగురున్నారు, అందరూ ఒక్కసారిగా కందిపప్పు నాణ్యత పరీక్షించడం మొదలుపెట్టారు. నేను రోజూ అడిగినట్టే "ఏం కావాలి అక్కా?" అన్నాను. అనుకున్నంత మామూలుగా రాలేదు గొంతు. 

"అర కిలో బెల్లం. ఖాతాలో రాయి" అంది. 

ఇన్నేళ్ళలో ఆవిడ నోటి నుంచి ఆ మాట వినడం అదే. లక్ష్మివారం నాడు మేం అప్పు పెట్టం, లక్ష్మి బయటికి పోతుందని మా అత్తగారి పట్టింపు. నేను అత్తగారి వైపు చూశాను. అత్తగారు జపమాల తిప్పుతూనే "రాసియ్" అన్నారు. కొత్త పేజీ తీసి పేరు రాశాను, బెల్లం రాశాను. ఆవిడ కదల్లేదు. కొంచెం ముందుకు వంగి, నాకు మాత్రమే వినపడేలా, "పాతవి, నెయ్యి, మూడు. అవీ రాయి" అంది. వద్దక్కా అనబోయాను. అంటే ఆవిడ ఇంత దూరం నడిచి వచ్చిన పని పాడైపోతుందనిపించింది. రాశాను. తేదీ మాత్రం ఆ రోజుదే వేశాను.

అక్కా, నేను క్షమించానని ఊళ్ళో కొందరు నన్ను మెచ్చుకుంటున్నారు. 63 మంది చూశారని తెలిసి కూడా పది గంటలకి, జనం ఉన్నప్పుడు, నువ్వు మెట్లెక్కి వచ్చావు. నేనైతే పాతపట్నం వెళ్ళి సరుకులు తెచ్చుకునేదాన్ని.

ఎందుకు చేసిందో కూడా చెప్పింది. తీసెయ్యమన్న రెండు చోట్లలో అదొకటి.

ఇక కొట్టు సంగతి. కెమెరా ఉంది, తియ్యలేదు. కానీ అందులోది ఇంకెప్పుడూ గ్రూపులోకి రాదు. కొవ్వొత్తులు ప్యాకెట్ మీద ఉన్న ధరకే. ఖాతా కావాల్సి ఉండి అడగడానికి మొహమాటపడేవాళ్ళు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య రండి. ఆ టైంలో కొట్లో ఎవరూ ఉండరు, కుర్రాడు భోజనానికి వెళ్తాడు (ఇప్పుడు బాగానే తింటున్నాడు), మా అత్తగారు కునుకు తీస్తారు. లక్ష్మివారం నాడు మాత్రం ఆవిడ మెలకువగా ఉంటారు, చూసుకుని రండి.